పలక మింగిన మొదటి అక్షరం

కంప్యూటరు రోజంతా ఎక్కువగా చేసే పని, ఏ పనీ చేయకపోవడం. మీరు ఒక అక్షరం కొట్టి రెండో అక్షరం కోసం వేలు కదిపేలోపు దాని లోపలి ప్రాసెసరు బోలెడన్ని కునుకులు తీసి లేస్తుంది. ఉద్యోగంలో ఉన్నన్నాళ్ళూ నేను ఆ కునుకులకు కాపలా కాశాను.

ఈ మధ్యే రిటైరై బళ్ళారి తిరిగొచ్చాను. ఇదే పనిలో కొత్తగా చేరిన పిల్లలు అప్పుడప్పుడు ఫోన్ చేస్తారు. సందేహం తీరాక, "మేడమ్, మీరు మర్చిపోలేని బగ్ ఏది?" అని అడుగుతారు. ఫోన్లో చెప్పేంత చిన్న కథ కాదు కాబట్టి రాస్తున్నాను. పేర్లు మాత్రం రాయను. అందరూ ఉన్నారు, అందరూ మంచివాళ్ళే.

ఆపరేటింగ్ సిస్టమ్ నడిబొడ్డున కెర్నెల్ అని ఒకటుంటుందని మీకు తెలుసు. తెలియనివాళ్ళ కోసం ఒక్క మాట. ప్రాసెసరుకు పని లేనప్పుడు కెర్నెల్ ఇల్లంతా తిరిగి చూసే మనిషిలా పరికరాలన్నిటినీ చూసి వస్తుంది. ఎవరూ వాడనిది ఏదైనా ఊరికే కరెంటు తాగుతుంటే ఆర్పేస్తుంది. మళ్ళీ ఎవరైనా ముట్టుకుంటే లేపుతుంది. బ్యాటరీ మీద బతికే వస్తువుకు ఇదే ఆయువు. ఎప్పుడు ఆర్పాలి, ఎంత లోతుగా నిద్రపుచ్చాలి, ఎంత త్వరగా లేపాలి అన్నదే మా విద్య.

అప్పుడు నేను బెంగుళూరులో ఒక చిన్న కంపెనీలో ఉన్నాను. జబ్బుతో మాట పడిపోయినవాళ్ళ కోసం మేమొక పలక తయారుచేశాం. పెద్ద పుస్తకమంత ఉండేది. దాని మీద అక్షరాల గడులు, గుణింతం గుర్తులు అచ్చువేసి ఉండేవి. ఒక్కో గడిని తాకుతూ మాట కూర్చి, చివర 'చెప్పు' అన్న గడి తాకితే పలక ఆ మాటను పైకి పలికేది. దానికి తెర లేదు. తెర బ్యాటరీని తినేస్తుందని పెట్టలేదు. గడి తాకినప్పుడల్లా టిక్కుమనే చప్పుడు మొదట్లో ఉండేది. తల వాచిపోతోందని రెండు మూడు కుటుంబాలు అంటే అదీ తీసేశాం.

పలక నిద్ర సంగతి నా పక్క సీటు మిత్రుడు చూసేవాడు. అతనిది బళ్ళారి పక్కన మోక అనే ఊరు. ఆ ఆఫీసులో బళ్ళారి వైపువాళ్ళం మేమిద్దరమే. కరెంటు ఎప్పుడొస్తుందో తెలియని ఊళ్ళో పెరిగినందుకో ఏమో, బ్యాటరీలో ఒక్క చుక్క వృథా అయినా అతనికి అన్నం సహించేది కాదు. పలకను పరీక్షించడానికి పాత ప్రింటరు మోటారుతో ఒక రబ్బరు వేలు చేశాడు. అది గడియారంలా ఆగకుండా గడులు తాకుతూ పోయేది. వారాల తరబడి తాకినా ఒక్క అక్షరం తప్పలేదు. పనిలేనప్పుడు మేమంతా దాని చుట్టూ చేరి చూసేవాళ్ళం. కంపెనీ పెట్టిన మా పెద్దాయన ఆయుధపూజ నాడు ఆ వేలికి కుంకుమ బొట్టు పెట్టించాడు.

కొన్ని పలకలను పరీక్ష కోసం ఇళ్ళకిచ్చాం. అందులో ఒకటి బళ్ళారి బ్రూస్‌పేటకు వెళ్ళింది.

ఒక వేసవిలో నేను శని, ఆదివారాలకు ఊరికి బయల్దేరుతుంటే పెద్దాయన పిలిచాడు. "ఆ బ్రూస్‌పేట పలక వెనక్కి తెచ్చెయ్యండి. పేషెంటుకు మెదడు కూడా దెబ్బతిన్నట్టుంది. అర్థంలేని మాటలు వస్తున్నాయని ఇంట్లోవాళ్ళు ఫోన్ చేశారు. మన వస్తువులో ఏం లోపం లేదు, పాపం ఆయనదే" అన్నాడు.

శనివారం పొద్దున ఆటో దిగి ఆ సందులోకి నడిచాను. దుకాణాల సందడి వెనక్కి పోయి, రెండు మలుపుల తర్వాత అంతా సద్దుమణిగింది. పాత మిషనరీల కాలం నాటి చర్చి, దాని ఆవరణ గోడకు ఆనుకొని చిన్న ఇల్లు. చర్చి లోపల పిల్లలెవరో పాట ప్రాక్టీసు చేస్తున్నారు. ఒకే చరణాన్ని మళ్ళీ మళ్ళీ అందుకుంటున్నారు. ఎండకు గోడలు తెల్లగా వెలిగిపోతున్నాయి. ఆ వెలుగులో, ఆ పాటలో నడుస్తుంటే నేనెందుకొచ్చానో కాసేపు మర్చిపోయాను.

తలుపు తీసింది ఆయన భార్య. ఏదో ఆఫీసులో క్లర్కు. నలభై దాటి ఉంటాయి. నిద్ర లేని కళ్ళు.

"రామ్మా, కూచో. ఎండ బలంగా ఉండాది" అంటూ మజ్జిగ తెచ్చిచ్చింది.

కిటికీ పక్కన వాలు కుర్చీలో ఆయన ఉన్నాడు. తెలుగు మీడియం బడిలో తెలుగు పండితుడు, చర్చిలో పాటల బృందానికి నాయకుడు. ఏడాది కిందట పక్షవాతం వచ్చి గొంతు పోయింది. తల తిప్పడం, నవ్వడం, చివరికి అనుకున్నప్పుడు రెప్ప వేయడం కూడా పోయాయి. మిగిలింది కుడిచేతి చూపుడు వేలొక్కటే, అదీ చాలా నిదానంగా.

"ఇంట్ల గూడ పుస్తకం మాదిరే మాట్లాడ్తాండె" అంది ఆమె. "నీళ్ళు కావల్లంటే జలము తెమ్ము అంటాండె. నేను నవ్వుతాంటి. ఇప్పుడు చూడు, నవ్వేదానికీ ఏం లేదు."

పలక గురించి అడిగాను.

"మొదట్ల ఒగటి రెండు మాటలు బాగనే వచ్చె. ఆమీద ఏందేందో. 'దు' అంటాది. 'ఆదు' అంటాది. ఒగోసారి అదే అక్షరం రెండు మూడుసార్లు అంటాది, నత్తి మాదిరి. మెదడుకు గూడ ఎక్కిందేమో అని డాక్టరు అనె." మంచం వైపు తిరిగింది. "అర్థమయ్యేటట్ల వచ్చింది ఒకే ఒక్క మాట."

ఆ మాట సంగతి ఆమె బట్టలు మడతపెడుతూ చెప్పింది. మంచం మీద సూట్‌కేసు తెరిచి ఉంది. అందులో మగవాళ్ళ చొక్కాలు, లుంగీలు. ఆయన అన్నగారు అనంతపురంలో ఉంటాడు. హైదరాబాదు దగ్గర ఇలాంటి రోగులను ఏళ్ళ తరబడి ఉంచుకొని చూసుకునే చోటొకటి ఉందని ఆయన కనుక్కున్నాడు. పోయిన వారం వచ్చి, తమ్ముడి ముందు కూర్చొని, వస్తావా అని అడిగాడు.

"ఈయన చానాసేపు పెట్టె. మేమందరం చూస్తాంటిమి. ఆఖరికి పలక 'సమ్మతం' అనె. అంత స్పష్టంగా. మా బావ కండ్లల్లో నీళ్ళు తిరిగె. రేపు ఆరాధన అయినంక కారు తెస్తాడు."

చొక్కా గుండీలు ఒక్కొక్కటే పెట్టి మడతపెట్టింది. "నేను ఒద్దనలేదు. నాకు చాతకాలేదని ఆయనకే అర్థమై ఉంటాది. ఇర్లి, పోనీ. కానీ ఒగ దినమన్నా ఆలోచన చేస్తాడనుకుంటి."

"ఆ తర్వాత ఏమన్నా మాట్లాడారా?"

"పలక ముందర పెడ్తే ఏడుస్తాండాడు. ఈ జబ్బుల అట్ల ఊరికే ఏడుపొస్తాది, దానికి అర్థం ఉండదు అనె డాక్టరు. ఎందుకులే అని ఎత్తి బీరువా మీద పెట్టేస్తి. తీస్కపో తల్లీ దాన్ని."

పలక దించి దుమ్ము తుడిచాను. వెనక్కి తెచ్చే ముందు రోగి చేత ఒకసారి వాడించి, వైరు పెట్టి లాప్‌టాప్‌లో దాని లోపలి మాటలు చూసుకోవడం మా ఆఫీసు పద్ధతి. పద్ధతి కాబట్టి చేశాను, అనుమానం ఉండి కాదు. ఆయన వేలి కింద పలక అమర్చి, పక్కన పీట మీద లాప్‌టాప్ పెట్టుకొని కూర్చున్నాను.

"సార్, పలక చేసినవాళ్ళలో నేనొకదాన్ని. ఏదైనా ఒక మాట చెప్పండి" అన్నాను.

ఆయన నన్ను చూశాడు. ఆ ముఖంలో కదలిక లేదు కానీ చూపు మాత్రం పూర్తిగా నా మీదే ఉంది. వేలు కదల్లేదు. బయట పిల్లలు చరణం పూర్తిచేసి మళ్ళీ అందుకున్నారు. పరదా లోపలికి ఉబ్బి, మెల్లగా కిటికీకి అంటుకుంది. ఎండ నేల మీద ఒక నాపరాయి నుంచి ఇంకో రాయికి జరిగినట్టనిపించింది. నాకూ కునుకు పట్టేటట్టుంది.

లాప్‌టాప్‌లో ఒక్కొక్క వరుస వస్తోంది. ప్రాసెసరు ఖాళీ. స్పీకరు ఆర్పబడింది. తర్వాత, గడుల కింద ఉండే స్పర్శ పొర కూడా ఆర్పబడింది. అంతా నియమం ప్రకారమే.

అప్పుడు ఆయన వేలు కదిలింది. 'మ' గడి దాకా జరిగి ఆగి తాకింది. నా కళ్ళతో చూశాను. లాప్‌టాప్‌లో 'స్పర్శ పొర లేచింది' అని ఒక వరుస వచ్చింది. 'మ' రాలేదు. ఆయన గుడిదీర్ఘం గుర్తు తాకాడు, అది వచ్చింది. ర, వ, అన్నీ వచ్చాయి. 'చెప్పు' తాకాడు.

"ఈరెవరు" అంది పలక.

మీరెవరు అని అడిగాడాయన. ఏడాదిగా మాట లేని మనిషి, ఇంటికొచ్చిన ఆడమనిషిని మర్యాదగా మీరెవరు అని అడిగాడు.

ఆయన ఆలోచించుకునేంత సేపూ పలక దృష్టిలో ఎవరూ లేరు. కెర్నెల్‌కు లోపలి నుంచి చూస్తే, ఆలోచిస్తున్న మనిషీ లేచి వెళ్ళిపోయిన మనిషీ ఒకలాగే కనిపిస్తారు. అందుకని పొరను ఆర్పేసింది. ఆయన మొదటి తాకు పొరను లేపడానికే ఖర్చయిపోయింది. అది లేచి ఒళ్ళు విరుచుకొనేలోగా ఏ గడి తాకారన్నది పోయింది. ఆలోచించి మాట్లాడిన ప్రతిసారీ ఆయన మొదటి అక్షరాన్ని పలక మింగేసింది. వద్దు అంటే 'దు'. కాదు అంటే 'ఆదు'. అది గమనించి ఆయన మొదటి అక్షరం రెండుసార్లు తాకడం మొదలుపెట్టి ఉంటాడు. పొర ఇంకా పడుకోకముందే తాకినప్పుడు రెండూ నమోదై, ఇంట్లోవాళ్ళకు అది నత్తిలా వినిపించింది. ఈ సంగతి చెప్పుకోవడానికి ఆయనకున్న సాధనం ఆ పలకే.

మోక మిత్రుడికి ఫోన్ చేశాను. శనివారం పొద్దున కాబట్టి బట్టలు ఉతుక్కుంటున్నాడు.

"కాదక్కా, అట్ల అయ్యే ఛాన్సే లేదు. మన వేలు వారాలు వారాలు కొట్టింది గదా, ఒక్కటన్నా పోయిందా?" అన్నాడు.

"మన వేలు యాడన్నా ఆగి ఆలోచన చేసిందా అప్పా?"

అవతల కుళాయి నీళ్ళ చప్పుడు ఆగిపోయింది. తర్వాత మెల్లగా, "ముందు నిద్ర కట్టెయ్యక్కా. పొరను ఎప్పుడూ వెలుగుతానే ఉండనీ. బ్యాటరీ పోతే పోనీ" అన్నాడు. బ్యాటరీ పోతే పోనీ అని అతని నోట అదే మొదటిసారి వినడం.

ఆ మాత్రం చేయడానికి కొత్త ప్రోగ్రాము అక్కర్లేదు. స్పర్శ పొరను నిద్రపుచ్చవద్దని కెర్నెల్‌కు ఒక్క ఆదేశం ఇస్తే చాలు. ఇచ్చాను. ఆయన వైపు తిరిగాను.

"సార్, తప్పు మీది కాదు, పలకది. మీరు ఆలోచించేటప్పుడు అది పడుకుంటోంది. ఇప్పుడు లేపి పెట్టాను. ఎంతసేపైనా తీసుకోండి, పడుకోదు."

ఆయన రెప్పలు అదిరాయి. ఆ అదరడం తనకు తానే వచ్చిందో, ఆయన తెచ్చుకున్నదో నాకు తెలియదు. వేలు బయల్దేరింది. నేను లాప్‌టాప్ మూసేశాను. చూడకుండా వినాలనిపించింది.

ఎంతసేపు పట్టిందో చెప్పలేను. పిల్లల పాట అయిపోయి, వాళ్ళు చెప్పులు టపటపలాడిస్తూ ఇళ్ళకు వెళ్ళిపోయారు. ఎక్కడో ఒక కాకి అరిచి ఊరుకుంది. దూరంగా గుట్ట మీది బండలు ఎండకు వణుకుతున్నట్టు కనిపిస్తున్నాయి. అప్పుడు పలక గది మధ్యలో స్పష్టంగా అంది.

"అసమ్మతం."

వంటింట్లో గిన్నెల చప్పుడు ఆగింది. ఆమె చేయి తుడుచుకుంటూ వచ్చి గుమ్మంలో నిలబడింది.

"ఏమనె?"

ఆయన 'చెప్పు' గడిని మళ్ళీ తాకాడు. "అసమ్మతం" అంది పలక, అదే గొంతుతో.

నేను జరిగిందంతా ఆమెకు చెప్పాను. మొదటి అక్షరం ఎలా పోతోందో, ఏ మాటకు ఏం మిగిలిందో చెప్పాను. అన్నగారి ముందు నత్తిలా రాకూడదని ఆ రోజు మొదటి అక్షరం ఒక్కసారే తాకి ఉంటారని కూడా అన్నాను. ఆమె నా మాటలు వింటోందో లేదో తెలియలేదు. వచ్చి ఆయన కుర్చీ పక్కన నేల మీద కూర్చుంది.

"నన్ను ఇడిసిపెట్టి పోతానంటివి అనుకుంటి గదా" అంది. "వారం దినాల్నించి నీ బట్టలు మడత పెడ్తాండా. నీతో ఒగ మాటన్నా మాట్లాడకపోతి."

ఆయన ముఖం తడిసిపోయింది. ఈసారి ఆమె డాక్టరు మాట ఎత్తలేదు. కొంగుతో తుడిచింది.

నేను వరండాలోకి వచ్చి నిలబడ్డాను. కొన్ని మాటలు లోపల పలక పలుకుతూనే ఉంది. వాటిని ఇక్కడ రాయను.

మర్నాడు మధ్యాహ్నం అన్నగారు కారుతో వచ్చేసరికి నేనూ అక్కడే ఉన్నాను. ఆమె రమ్మంది. అన్నగారు పొడవాటి మనిషి, తెల్ల చొక్కా, చంకలో బైబిలు. మేము చెప్పింది విని ఆయన ముఖం ఎర్రబడింది.

"నా చెవులార వింటినమ్మా. సమ్మతం అనె. ఇప్పుడు మీరొచ్చి యంత్రం తప్పంటే ఎట్ల? వీన్ని ఈడ పెట్టి ఈమె ఉద్యోగానికి పోతే, మధ్యాన్నం ఏమన్నా అయితే ఎవరు జవాబు?"

ఆయన అన్నదాంట్లో అబద్ధం లేదు. ఆ ఇంట్లో అందరికంటే ఎక్కువ భయపడుతున్నది ఆయనే అని నాకనిపించింది.

"మీరే అడగండి" అన్నాను.

కుర్చీ లాక్కొని తమ్ముడి ముందు కూర్చున్నాడు. "తమ్ముడూ, నాతో వస్తావా?" అన్నాడు. చర్చి నుంచి వెళ్ళేవాళ్ళు కొందరు గుమ్మం దగ్గర ఆగి, సంగతి అర్థమై, లోపలికి వచ్చి గోడవారగా నిలబడ్డారు. వాళ్ళలో చాలామంది ఆయన దగ్గర పాట నేర్చుకున్నవాళ్ళు. ఎవరూ తొందరపెట్టలేదు. ఒకాయన మాటను ముందే ఊహించి పూర్తి చేయబోతే పక్కామె మోచేత్తో పొడిచింది. వేలు వెళ్తోంది, ఆగుతోంది, మళ్ళీ వెళ్తోంది.

"అన్నా, నేను ఇచ్చటనే ఉండెదను" అంది పలక.

అన్నగారు లేచి, బయటికి వెళ్ళి, వస్తూనే కారులో ఎక్కించేసిన సూట్‌కేసు తనే మోసుకొచ్చి లోపల పెట్టాడు.

"ఉండప్పా, ఉండు. నిన్ను యాడికీ పిల్చుకపోను" అన్నాడు. "కానీ పగటి పూట ఒగ మనిషిని పెడ్తా. దానికి అసమ్మతం అనొద్దు."

గోడవారగా ఉన్నవాళ్ళు నవ్వారు. ఆమె కూడా నవ్వింది. ఆయన నవ్వలేడు కాబట్టి అందరూ ఆయన వేలి వంక చూశారు. అది 'చెప్పు' గడి వైపు పోలేదు, కదలకుండా అలాగే ఉంది.

సోమవారం ఆఫీసులో పెద్దాయన నా మాట ఆసాంతం విన్నాడు. ముందు బ్యాటరీ లెక్క తీశాడు. పొర ఎప్పుడూ మేలుకొని ఉంటే, పొద్దున పెట్టిన ఛార్జి సాయంత్రానికే అయిపోతుంది. మేం మర్నాటి దాకా ఉంటుందని మాటిచ్చాం. కరెంటు కోతలున్న ఊళ్ళలో అది చిన్న తేడా కాదు. గది అంతా వాదించుకుంది. మిత్రుడు మాత్రం లేచి వెళ్ళి, రబ్బరు వేలి మోటారు విప్పి, రాత్రి బస్సుకు టికెట్టు తీసుకొని బళ్ళారి వెళ్ళిపోయాడు.

ఆ ఇంట్లో రెండు పగళ్ళు కూర్చున్నాడట. ప్రోగ్రామేమీ రాయలేదు. ఆయన ఎక్కడ ఆగుతాడో, ఎందుకు ఆగుతాడో చూస్తూ కూర్చున్నాడు. తిరిగొచ్చాక నియమం మార్చాడు. ప్రాసెసరు ఎంత ఖాళీగా ఉన్నా సరే, మాట్లాడే మనిషి వేలి కింద పలక ఉన్నంతసేపూ స్పర్శ పొరను పూర్తిగా ఆర్పకూడదు. దాన్ని తేలిక నిద్రలో మాత్రమే ఉంచాలి. మొదటి తాకు ఏ గడి మీద పడిందో గుర్తుంచుకున్నాకే లేవాలి. టిక్కుమనే చప్పుడు మళ్ళీ పెట్టాం, వద్దనుకుంటే తీసుకునే వీలుతో. బ్యాటరీ సాయంత్రం దాటి కొద్దిగా నిలిచింది. కోల్పోయిన మిగతా గంటల గురించి మిత్రుడు తర్వాతెప్పుడూ ఎత్తలేదు. రబ్బరు వేలికి కూడా ఆగడం నేర్పాడు. అది గడి మీదికి వచ్చి, తాకకుండా గాలిలో నిలబడిపోయేది. చూస్తే నిజంగానే ఏదో తలుచుకుంటున్నట్టుండేది. కొత్తగా చేరినవాళ్ళు అది చెడిపోయిందనుకొని మాకు చెప్పడానికి వచ్చేవాళ్ళు.

పిల్లలూ, ఈ కథలో మీకు పనికొచ్చేది అదొక్కటే కావచ్చు. మీ పరికరాన్ని పరీక్షించే వేలు ఎంత చురుకైనదైతే మీ పరీక్షకు అందని మనుషులు అంత ఎక్కువమంది ఉంటారు.

పలక మాట సరిపడ్డాక ఆయన కోరిన మొదటి కోరిక ఊరి దగ్గరి సంగనకల్లు కొండకు పోవాలని. బడిపిల్లలను ఏటా అక్కడికి తీసుకెళ్ళేవాడట. కొడితే గంటలా మోగే రాళ్ళున్నాయక్కడ. అన్నగారు, మిత్రుడు, నేను కలిసి ఆయన్ను కారులో తీసుకెళ్ళాం. కొండ ఎక్కించలేం కాబట్టి కింద నీడలో కూర్చోబెట్టాం. మిత్రుడు పైకెక్కి ఒక రాయి కొట్టాడు. ఆ మోత గాలిలో తేలుతూ, పలచబడుతూ కిందికి వచ్చింది. పూర్తిగా పోయేదాకా ఆయన కళ్ళు పైకే ఉన్నాయి. తర్వాత వేలు కదిలింది. "ఇంకొకసారి కొట్టుము" అంది పలక.

రిటైరై వచ్చాక అప్పుడప్పుడు వాళ్ళింటికి వెళ్తుంటాను. మధ్యాహ్నం పూట పలకను ఛార్జింగులో పెడతారు. ఆ కాసేపూ ఇంట్లో ఎవరూ మాట్లాడరు. ఆమె సెలవైతే ఆయన పక్కన చాప వేసుకొని పడుకుంటుంది. మొన్న అలాంటి వేళకే వెళ్ళాను. ఆమె లేచి, ఛార్జింగు తీసి, పలక ఆయన ముందు పెట్టింది. అంతలో కరెంటు పోయింది, ఫ్యాను నిదానంగా తిరిగి తిరిగి ఆగింది. నేను ఎండ ముదరకముందే పోతానని లేచి నిలబడ్డాను. ఆమె, "ఉండమ్మా, ఏదో చెప్తాండాడు" అంది.

చెప్పులు సగం తొడుక్కొని గుమ్మంలో నిలబడ్డాను. వేలు ఒక గడి దగ్గర ఆగి, ఇంకో గడికి వెళ్ళి, వెనక్కి వచ్చింది. వీధిలో ఆటో ఒకటి వెళ్ళిపోయింది. వంటింట్లోంచి పులుసు వాసన వస్తోంది. నేను మాటను ఊహించడానికి ప్రయత్నించలేదు.

"భుజించి వెళ్ళుము" అంది పలక.

చెప్పులు విడిచి లోపలికి వచ్చాను.